ఉన్నట్టుండి ఆరిపోయి మళ్ళీ లేచే కంప్యూటరు



ఇంట్లో బల్బు పోతే వెంటనే తెలుస్తుంది. మిక్సీ కాలితే వాసన వస్తుంది. ఫ్రిజ్ చల్లబడకపోతే పాలు విరిగి ఆ సంగతి చెబుతాయి. కంప్యూటరు అలా కాదు. మన మానాన మనం ఏదో రాసుకుంటూ ఉంటాం. ఉన్నట్టుండి తెర నల్లబడుతుంది, పెట్టెలో ఫ్యాను ఒక్కసారి బుస్సుమంటుంది, మళ్ళీ మొదటినుంచీ కంపెనీ బొమ్మ ప్రత్యక్షమవుతుంది. రెండు నిమిషాల్లో ఏమీ ఎరగనట్టు మన ముందు కూర్చుంటుంది. మనం రాసుకున్నది మాత్రం ఉండదు.

మా ఇంట్లో నిరుడు వేసవిలో నెల్లాళ్ళ పాటు ఇదే తంతు. మాది రాజమండ్రి. రాజమహేంద్రవరం అని రాస్తున్నాం గాని, నోటికి రాజమండ్రే వస్తుంది. ఆ కంప్యూటరు మా అబ్బాయి చదువుకునేటప్పుడు కొన్నది. వాడు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళిపోయాక నా చేతికొచ్చింది. నేను పదో తరగతితో ఆగినదాన్ని. రేడియో ప్రసంగాలు రాసుకోవడానికని తెలుగు టైపు నేర్చుకున్నాను. అది కాస్త చెయ్యి తిరిగాక ఒక పెద్ద పనే పెట్టుకున్నాను. మా అత్తగారు పోయి మూడేళ్ళయింది. ఆవిడకు పెళ్ళి పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు ఎన్ని వచ్చునో లెక్కలేదు. ఆవిడ చివరి రోజుల్లో పక్కన కూర్చుని ఫోనులో రికార్డు చేశాను. ఆ ఫోను పాడైపోయింది. అదృష్టవశాత్తూ పాటలు అంతకుముందే కంప్యూటరులోకి ఎక్కించి ఉన్నాను. అవి వింటూ ఒక్కొక్కటే టైపు చేస్తుంటే, ఇదిగో, ఈ ఆరిపోవడం మొదలైంది.

ఒక దుకాణానికి పట్టుకెళ్ళాం. అక్కడి కుర్రాడు పది నిమిషాలు చూసి, "మదర్‌బోర్డు పోయిందండి అమ్మగారూ. ముందు ఫార్మాట్ కొట్టి చూద్దామండి, దాంతో సరిపోతే సరే, లేకపోతే కొత్త బోర్డు వేసేద్దాం" అన్నాడు. ఫార్మాట్ అంటే ఏమిటని అడిగాను. లోపలున్నదంతా తుడిచేసి మళ్ళీ కొత్తగా విండోస్ వెయ్యడమట! నాకు గుండె జారిపోయింది. "బాబూ, ఇందులో మా అత్తగారి గొంతు ఉంది" అన్నాను. "బ్యాకప్ తీసుకోలేదాండీ?" అన్నాడు. తీసుకోలేదు. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటికొచ్చేశాను.

కాబట్టి అక్కచెల్లెళ్ళకు నేను మొట్టమొదట చెప్పేది ఇది. కంప్యూటరు ఇలా ఆరిపోవడం మొదలెట్టిందంటే, కారణం వెతకడం తర్వాత, ముందు మీకు కావలసినవి పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోండి. అది పావుగంటే నిలబడుతుందా? ఆ పావుగంటే వాడుకోండి. అన్నీ ఒక్కసారి ఎత్తకుండా, పోతే మళ్ళీ దొరకనివి ముందు, సినిమాలూ అవీ చివర. అసలు నిలబడటమే లేదంటారా, హార్డు డిస్కును విప్పి వేరే కంప్యూటరుకు తగిలించి కాపీ చెయ్యవచ్చు. మదర్‌బోర్డు పోయినంత మాత్రాన డిస్కులో సామాను పోదు. దుకాణంలో ఈ మాట మీరు అడిగితే చేసిపెడతారు, అడగకపోతే ఎవరికీ గుర్తు రాదు.

ఆ పనయ్యాక మా అబ్బాయికి ఫోను చేశాను. వాడు ఒకటే అడిగాడు: "అమ్మా, ఎప్పుడెప్పుడు ఆరిపోతోంది?" ఎప్పుడంటే ఏం చెప్పను, ఎప్పుడు పడితే అప్పుడే అన్నాను. "అలా ఉండదు, రాసిపెట్టు" అన్నాడు. సరేనని పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండరు మీదే, ఆరిపోయినప్పుడల్లా టైము వేశాను. పది రోజులకు పధ్నాలుగు గీతలయ్యాయి. చూద్దును కదా, అందులో తొమ్మిది సాయంత్రం ఆరు, ఆరున్నర మధ్య! మిగతావన్నీ మధ్యాహ్నం రెండు మొదలు నాలుగు లోపల. పొద్దున్నపూట ఒక్కటీ లేదు.

సాయంత్రం ఆరు గంటలకు మా ఇంట్లో ఏం జరుగుతుంది? కింద వాటాలో ఉన్న పిన్నిగారు పై ట్యాంకులోకి నీళ్ళ మోటారు వేస్తారు. మోటారు వేసినప్పుడు మా దీపాలు ఒక్క క్షణం మినుక్కుమనడం రోజూ చూస్తూనే ఉన్నాను, చూసి ఊరుకున్నాను. ఆగి ఉన్న మోటారు కదలాలంటే, తిరుగుతున్నప్పటి కంటే ఐదారు రెట్ల కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. ఆ లాగుడుకి ఇంట్లో వోల్టేజి పడిపోతుంది.

పడితే కంప్యూటరుకేం? ఇక్కడ కాస్త లోపలి సంగతి చెప్పాలి. పెట్టెకు వెనకవైపు, కరెంటు తీగ గుచ్చే చోట లోపల ఒక రేకు డబ్బా ఉంటుంది. దాన్ని ఎస్‌ఎంపీఎస్ అంటారు. గోడ ప్లగ్గులో వచ్చే 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా తగ్గించి లోపలి భాగాలకు పంచేది అదే. మన ధవళేశ్వరం ఆనకట్టనే తీసుకోండి. ఎగువన గోదారి ఒకనాడు నిండుగా ఉంటుంది, ఒకనాడు తగ్గుతుంది. కాలువలకు మాత్రం తలుపులు ఎత్తీ దించీ కావలసినంతే వదులుతారు. ఇదీ అంతే. పైగా కాస్త కరెంటు నిలవ కూడా ఉంచుకుంటుంది. ఆ నిలవ ఎంతసేపు వస్తుందనుకున్నారు? సెకనులో యాభయ్యో వంతు, కాస్త అటూ ఇటూ. రెప్పపాటు కూడా కాదన్నమాట! అంతలోపు కరెంటు తిరిగొస్తే కంప్యూటరుకు అసలు సంగతే తెలియదు. రాలేదో, "అంతా సవ్యంగా ఉంది" అని ఎస్‌ఎంపీఎస్ మదర్‌బోర్డుకు ఇస్తూ ఉండే సంకేతం ఆగిపోతుంది. ఆ మరుక్షణం మదర్‌బోర్డు చేతిలో పని వదిలేస్తుంది. వోల్టేజి కుదుటపడగానే మొదటినుంచీ మొదలుపెడుతుంది. తక్కువ వోల్టేజిలో లెక్కలు చేసి తప్పులు రాయడం కంటే మానెయ్యడం మేలని దాన్ని అలా తయారుచేశారు. మనం తిట్టుకుంటాం గాని, అది దాని జాగ్రత్త.

"మరి యూపీఎస్ ఉందిగా?" అంటారు. నేనూ అదే అన్నాను. అందుకే ఒక పరీక్ష చేశాం. అన్నీ మూసేసి, కంప్యూటరును ఊరికే వెలిగించి ఉంచి, పిన్నిగారిని మోటారు వెయ్యమన్నాను. వెయ్యగానే ఆరిపోయింది. ఆపి మళ్ళీ వెయ్యమంటే మళ్ళీ ఆరిపోయింది. ఇప్పుడు యూపీఎస్ తప్పించి, తిన్నగా గోడ ప్లగ్గులో పెట్టి మోటారు వేయించాను. ఆరిపోలేదు! మూడుసార్లు వేయించాను, ఉలకలేదు. పిన్నిగారు కిందనుంచి "అమ్మాయ్, ట్యాంకు పొంగిపోతోందే!" అని కేకలు.

సంగతేమిటంటే, వోల్టేజి పడగానే యూపీఎస్ బ్యాటరీ మీదికి మారుతుంది. మామూలుగా అది మనకు తెలియనంత వేగంగా జరిగిపోతుంది. మాది నాలుగేళ్ళ నాటి బ్యాటరీ, చచ్చి ఊరుకుంది. చచ్చిన బ్యాటరీ మీదికి మారితే ఇంకేముంది, కరెంటు పూర్తిగా తెగిపోతుంది. తిన్నగా గోడకు పెడితే ఆ క్షణాన్ని ఎస్‌ఎంపీఎస్ తన నిలవతోనే దాటేసేది. కాపలా పెట్టుకున్నవాడే దొంగకు తలుపు తీశాడన్నమాట.

ఇళ్ళలో వాడే చిన్న యూపీఎస్‌లలో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ సీలు బ్యాటరీ ఉంటుంది. మన వేడికి రెండు మూడేళ్ళు వస్తే గొప్పే. మీ బ్యాటరీ సంగతి తెలుసుకోవాలంటే కంప్యూటరు తీగ యూపీఎస్ నుంచి తీసేసి, దానికి బదులు పాత రకం 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఉన్న టేబుల్ ల్యాంపు పెట్టండి. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, అది మరీ తక్కువ కరెంటు తింటుంది కనక చెడ్డ బ్యాటరీ కూడా మంచిదనిపించుకుంటుంది. ఇప్పుడు గోడ దగ్గర యూపీఎస్ స్విచ్చి ఆపండి. పది, పదిహేను నిమిషాలు వెలిగిందా, ఫరవాలేదు. టక్కున ఆరిందా, బ్యాటరీ మార్చే రోజొచ్చింది. మాకు వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూ అయింది. పాతది దుకాణంలోనే ఇచ్చెయ్యండి. అందులో సీసం ఉంటుంది, చెత్తబండిలో వెయ్యకూడదు. లేజరు ప్రింటరూ, ఇస్త్రీ పెట్టే యూపీఎస్‌కు తగిలించకండి. అది అంత బరువు మొయ్యలేదు.

సాయంత్రం గొడవ దానితో తీరింది. మధ్యాహ్నపు గీతలు తీరలేదు.

రోహిణి కార్తెలో మన ఊరు ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. గోదారి ఒడ్డునే ఉన్నా ఆ గాలి కూడా సెగే. లోపల ప్రాసెసరు అనే చిన్న బిళ్ళ చేసే పనికి అట్లపెనంలా వేడెక్కుతుంది. దాని నెత్తిన రేకులు రేకులుగా ఒక లోహపు దిమ్మ, దాని మీద ఫ్యాను ఉంటాయి. వేడి హద్దు దాటితే ప్రాసెసరు ముందు నెమ్మదిస్తుంది, అప్పటికీ తగ్గకపోతే తన్ను తాను కాపాడుకోడానికి ఆపేయిస్తుంది. చాలావాటికి ఆ హద్దు 100 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. మధ్యాహ్నాలే ఆరిపోతోందన్నా, వీడియోలు చూస్తున్నప్పుడూ పిల్లలు ఆటలాడుతున్నప్పుడూ ఆరిపోతోందన్నా, పెట్టె మీద చెయ్యి పెడితే కాలుతోందన్నా, ముందు వేడినే అనుమానించండి.

మా పెట్టె పక్క రేకు విప్పి చూస్తే, అయ్యబాబోయ్! ఆ లోహపు రేకుల సందుల్లో దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి ఉంది. దూది ఏకినట్టు వచ్చింది. ఒక మూల బల్లి గుడ్డు పెంకులు రెండు. ప్రతి శుక్రవారం ఆ పెట్టెను పైన తుడుస్తూనే ఉన్నాను, లోపల మాత్రం ఎనిమిదేళ్ళుగా ఎవరూ చూడలేదు.

శుభ్రం చెయ్యడం మనకు కొత్త కాదు, కాని ఇక్కడ పద్ధతి వేరు. స్విచ్చి ఆపితే చాలదు, తీగ పీకెయ్యాలి. పీకాక పవరు బొత్తాం ఒకసారి నొక్కి పట్టుకుని వదలండి, మిగిలిన కరెంటు పోతుంది. తడిగుడ్డ దగ్గరికి కూడా రానివ్వకండి. పొడి మెత్తటి పెయింటు బ్రష్షు, గాలి ఊదే బ్లోయరు ఉంటే చాలు. బ్లోయరు పెట్టేటప్పుడు లోపలి ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే బేరింగు పాడవుతుంది. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనరు వద్దు, దాని గొట్టం దగ్గర పుట్టే స్థిర విద్యుత్తు చిప్పులకు చేటు. నూలు చీర కట్టుకుని, ముందు ఏదైనా భూమిలోకి వెళ్ళిన లోహపు పైపు ముట్టుకుని కూర్చోండి. ఒక్క మాట మాత్రం ముమ్మాటికీ గుర్తుంచుకోండి, ఎస్‌ఎంపీఎస్ రేకు డబ్బా మూత మనం విప్పకూడదు. తీగ పీకిన తర్వాత కూడా అందులో ప్రాణం తీసేటంత కరెంటు నిలవ ఉండవచ్చు. దాని ఫ్యాను తిరుగుతోందా లేదా అని బయటినుంచి చూడటం వరకే మన వంతు.

దుమ్ము దులిపినా వేడి తగ్గకపోతే, ప్రాసెసరుకూ ఆ దిమ్మకూ మధ్య రాసే పేస్టు ఎండిపోయి ఉంటుంది. అది తెలిసినవాళ్ళ చేత వేయించండి. పెసరగింజంత చాలు. పెట్టెను గోడకు ఆనించి, చుట్టూ పాత పుస్తకాలు పేర్చి, పైన లేసు గుడ్డ కప్పే అలవాటు మనలో చాలామందికి ఉంది. నేనూ కప్పాను. తీసేశాను.

మా ఇంటి కథ అక్కడితో తీరింది గాని, అందరి ఇళ్ళలో కారణం ఇవే కానక్కర్లేదు. వేళాపాళా లేకుండా, ఒక్కోసారి విండోస్ వచ్చీ రాకముందే ఆరిపోతుంటే ర్యామ్‌ను చూడాలి. అది మదర్‌బోర్డు మీద నిలువుగా గుచ్చిన పొడవాటి పట్టీ. మన గాలిలో తేమ ఎక్కువ కదా, దాని బంగారు రంగు అంచుకు చిలుము పడుతుంది. తీగ పీకేసి, రెండు కొసల క్లిప్పులు వంచితే పట్టీ పైకొస్తుంది. పిల్లల తెల్ల రబ్బరుతో ఆ అంచును మెల్లగా రుద్ది, పొడి దులిపి, టక్కుమని శబ్దం వచ్చేదాకా మళ్ళీ గుచ్చండి. రెండు పట్టీలుంటే ఒక్కొక్కటే పెట్టి ఒక్కో రోజు వాడి చూస్తే ఏది దొంగో తెలిసిపోతుంది. మదర్‌బోర్డు మీద చిన్న చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కపాసిటర్ల తలలు కూడా ఒకసారి చూడండి. అవి చదునుగా ఉండాలి. పూరీలా పొంగినా, గోధుమరంగు జిగురు కారినా, అప్పుడు మాత్రం మదర్‌బోర్డు అన్న మెకానిక్ మాట నిజమే. ఇంకొకటి, వినడానికి నవ్వులాటగా ఉంటుంది గాని, పెట్టె ముందున్న రీసెట్ బొత్తాం జిడ్డుకు లోపలికి అతుక్కుపోయినా ఇదే పని చేస్తుంది. మదర్‌బోర్డు మీది చిన్న నాణెం లాంటి బ్యాటరీ మార్చమని కొందరు చెబుతారు. అది పోతే తేదీ, గడియారం తప్పుతాయి. ఆరిపోవడానికి సాధారణంగా దాని దోషం ఉండదు.

సాఫ్టువేరు వల్లా కావచ్చు. లోపల పెద్ద తప్పు జరిగితే విండోస్ ఒక రంగు తెర మీద కారణం రాసి చూపిస్తుంది. కాని దానంతటది వెంటనే మళ్ళీ మొదలయ్యే ఏర్పాటు ముందే పెట్టి ఉండటంతో, మనం చదివేలోపే ఆ తెర మాయమవుతుంది. ఆ ఏర్పాటు తీసెయ్యవచ్చు. కీబోర్డులో విండోస్ గుర్తు మీటా, ఆర్ అక్షరమూ కలిపి నొక్కి, వచ్చిన గడిలో ఎస్‌వైఎస్‌డిఎం చుక్క సిపిఎల్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. అడ్వాన్స్‌డ్ అనే పేజీలో, స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్ నొక్కితే, ఆటోమేటికల్లీ రీస్టార్ట్ అన్నచోట టిక్కు ఉంటుంది. అది తీసెయ్యండి. ఈసారి తప్పు జరిగితే తెర నిలబడి ఉంటుంది, ఫోనుతో ఫొటో తీసి తెలిసినవాళ్ళకు పంపండి. ఆ తెరే రాకుండా టక్కున ఆరిపోయిందంటే అనుమానం మళ్ళీ కరెంటు మీదికో వేడి మీదికో వెళుతుంది. ఈవెంట్ వ్యూయర్ అనే చోట కెర్నల్ పవర్ 41 అని ఎర్ర గుర్తుతో కనిపిస్తే కంగారు పడకండి. సవ్యంగా మూయకుండానే కంప్యూటరు ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

ఈ రకం బెడద మన ఇంటికే కాదు, ప్రపంచానికే వచ్చిన రోజులున్నాయి. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు ఇంటర్నెట్టులో పాకి, కంప్యూటర్లలో "అరవై సెకన్లలో ఆగిపోతుంది" అని లెక్కపెట్టి మరీ ఆపేది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేటుకు సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్టు లెక్క చెప్పింది. ఎన్నో యంత్రాలు లేచినట్టే లేచి పడిపోతూ కూర్చున్నాయి. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. కొత్త ప్రోగ్రాము వేశాకో, కొత్త అప్‌డేటు వచ్చాకో మొదలైన జబ్బయితే, ముందు దాన్ని తీసి చూడమనడం అందుకే.

ఏం చేసినా ఒకసారికి ఒకటే మార్చండి. చారులో ఉప్పూ, పులుపూ, కారమూ ఒకేసారి సవరించామంటే ఏది తప్పిందో ఎప్పటికీ తేలదు. ఒకటి మార్చి, రెండు రోజులు చూసి, క్యాలెండరు మీద రాసి, తర్వాత రెండోది.

ఇంకొక్క సంగతి ఉంది, ఇది కంప్యూటరు కంటే పెద్దది. ఇంట్లో కొన్ని దీపాలు మసకబారి, మరికొన్ని మామూలు కంటే వెలుగు హెచ్చుతుంటే న్యూట్రల్ తీగ వదులైందన్న మాట. అప్పుడు వోల్టేజి అమాంతం పెరిగి ఫ్రిజ్జు, టీవీ కూడా కాలిపోవచ్చు. మెయిన్ ఆపేసి 1912కు ఫోను చెయ్యండి. పెట్టె రేకు ముట్టుకుంటే జివ్వుమంటే ఎర్తు సరిగా లేదని అర్థం, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. వేసవిలో ఎర్తు గుంట ఎండిపోతుంది. మొక్కలకు పోసేటప్పుడు దానికీ రోజూ ఒక బిందె నీళ్ళు పొయ్యండి. ఈదురుగాలి, ఉరుములూ వస్తే మాత్రం యూపీఎస్ ఉంది కదా అని ఊరుకోక ప్లగ్గు పీకెయ్యండి. ఇంటర్నెట్టు పెట్టెదీ అంతే.

ఆరిపోయినప్పుడల్లా పోయిన టైపు పని ఈ మధ్యే పూర్తి చేశాను. ఇప్పుడు పాటలు పెన్‌డ్రైవులో ఒక కాపీ, మా అబ్బాయి దగ్గర ఒకటి, తణుకులో మా ఆడపడుచు దగ్గర ఒకటి ఉన్నాయి. ఒక అప్పగింతల పాటలో మా అత్తగారు దగ్గిన చోట ఒక మాట వినపడలేదు. ఆడపడుచుని అడిగితే, ఫోనులోనే పాట అంతా మొదటినుంచీ పాడి ఆ మాట చెప్పింది. అదీ రికార్డు చేశాను.